ఎవరిదీ కాని దారి

రైలు మార్గం ఊరి నడుమ నుండి పోయేచోట ఏ పటంలోనూ లేని దారి ఒకటి సాధారణంగా కనిపిస్తుంది. రైల్వేవారు కట్టిన ప్రహరీ గోడ ఒకచోట మనిషి పట్టేటంత మేర కూలి ఉంటుంది. అక్కడి నుండి పట్టాల మీదుగా అవతలి గోడలోని సందు దాకా జనం నడిచి నడిచి కంకర అణగి బాట పడి ఉంటుంది. ఆ గోడ మీదనే అభిమాన నటుని పేరు, ఎన్నికల నినాదం, మొలల వైద్యుని చిరునామా ఒకదాని మీద ఒకటి రాసి ఉంటాయి. ఆ గోడ ఎవరిది, ఆ నేల ఎవరిది అని అడిగి చూడండి. “రైల్వేవాళ్ళది” అంటారు. ఆ మాటకు మన వాడుకలో అర్థం ఎవరిదీ కాదనే.

పట్టాలు దాటడాన్నీ, రైల్వే గోడల మీద, పెట్టెల మీద రాతలు రాయడాన్నీ మనం ఒకే గాటన కట్టి, రెండూ నేరమని పలక వేలాడదీసి ఊరుకుంటున్నాం. రెండూ తప్పే, సందేహం లేదు. అయితే రెండింటికీ కారణం ఒకటి కాదు. అందుచేత మందు కూడా ఒకటి కాజాలదని నా అభిప్రాయం.

ముందుగా దాటడం సంగతి చూద్దాం. శాస్త్రవేత్త అనిల్ కాకోద్కర్ అధ్యక్షతన ఏర్పడిన రైల్వే భద్రతా సమీక్షా సంఘం 2012లో నివేదిక సమర్పించింది. పట్టాల మీదికి వెళ్ళి దేశంలో ఏటా సుమారు 15,000 మంది మరణిస్తున్నారనీ, వారిలో దాదాపు 6,000 మంది ఒక్క ముంబయి లోకల్ రైలు మార్గాలలోనే పోతున్నారనీ అందులో రాసింది. దీనిని ఊచకోత అనడానికి కూడా ఆ సంఘం వెనుకాడలేదు. అంటే రోజుకు నలభై మంది! రెండు రైళ్ళు ఢీకొని నలభై మంది పోతే దేశమంతా ఉలిక్కిపడుతుంది. మంత్రులు పరుగున వస్తారు. ఒక్కొక్క ఊళ్ళో ఒక్కొక్కరుగా పోయే నలభై మందికి పత్రికలో నాలుగు పంక్తులు కూడా దక్కవు. ఆ తరువాతి కాలంలో ముంబయిలో ఈ మరణాలు తగ్గాయి. ఆగలేదు.

ఇలా పోయినవారంతా తెలివితక్కువవారని అనుకోలేము. ఇల్లు ఇటువైపు, కొళాయి అటువైపు. బస్తీ ఇటు, బడి అటు. వంతెన అర కిలోమీటరు దూరాన ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న ముసలమ్మ గాని, నెత్తిన కూరల గంప ఉన్న మనిషి గాని ఆ మెట్లన్నీ ఎక్కి దిగాలి. ఎక్కినవారికైనా ఆ వంతెన క్షేమమేనా అంటే అదీ చెప్పలేము. ముంబయిలో మన తెలుగువారు బట్టల మిల్లుల కాలం నుండి కాపురం ఉంటున్న వర్లీ, దాదరు ప్రాంతాలకు దగ్గరలోనే ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు స్టేషను ఉండేది. ఇప్పుడు దాని పేరు ప్రభాదేవి. 2017 సెప్టెంబరు 29 ఉదయం వానకు తలదాచుకున్న జనంతో అక్కడి ఇరుకు వంతెన కిక్కిరిసిపోయింది. తొక్కిసలాటలో 23 మంది చనిపోయారు. వారు నిబంధన పాటించి వంతెన ఎక్కినవారే! ఆ తరువాత సైన్యం వచ్చి కొద్ది నెలలలోనే అక్కడ కొత్త వంతెన కట్టింది. నెలల్లో కట్టగలిగిన వంతెన కోసం అంతమంది పోవలసి వచ్చింది.

మాసాయిపేట సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. 2014 జులై 24న మెదక్ జిల్లాలో ఆ ఊరి దగ్గర, కాపలాలేని గేటు వద్ద, నాందేడు నుండి వస్తున్న ప్యాసింజరు రైలు బడిపిల్లల బస్సును ఢీకొన్నది. పదిమందికి పైగా పసివాళ్ళు చనిపోయారు. అటువంటి గేట్లు అప్పుడు దేశంలో వేల సంఖ్యలో ఉండేవి. డబ్బు చాలదు, మనుషులు చాలరు అని ఎన్నో ఏళ్ళు చెప్పుకొచ్చారు. కాని గట్టిగా పూనుకున్న తరువాత, 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజి మార్గాలలో కాపలాలేని గేటు ఒక్కటి కూడా లేకుండా తీసివేశారు. గేట్ల విషయంలో చేయగలిగినది కాలిబాటల విషయంలో ఎందుకు చేయలేరు? జనం పాదాలు ఎక్కడ బాట వేశాయో అక్కడనే వంతెన గాని, కింది దారి గాని కట్టాలి. అవసరం ఉన్నచోట దారి ఇవ్వకుండా గోడ మాత్రమే కడితే, ఆ గోడకు నెల తిరగకుండా కంత పడుతుంది.

అయితే రైలుకు మన అవసరంతో పని లేదు. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు సెకనుకు 30 మీటర్లు నడుస్తుంది. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద జారే స్వభావం కలది కనుక, బ్రేకు వేసిన తరువాత కూడా అటువంటి బండి ఆగడానికి కిలోమీటరు దాకా పట్టవచ్చు. పక్కకు తిప్పే వీలు ఎలాగూ లేదు. దానికి తోడు మన కన్ను మనల్ని మోసం చేస్తుంది. పెద్ద వస్తువు ఎదురుగా వస్తున్నప్పుడు, ఉన్న వేగం కంటే మెల్లగా వస్తున్నట్లు తోస్తుంది. ఈ సంగతి గ్రహించినవారు 2010 ప్రాంతంలో ముంబయిలోని వడాలా దగ్గర ఒక ప్రయోగం చేశారు. పట్టాల కింది దిమ్మెలలో కొన్నింటికి పసుపు రంగు వేశారు. ఆ గీతలు ఒక్కొక్కటిగా రైలు కింద మాయమవుతుంటే వేగం ఎంతో కంటికి తెలుస్తుందని వారి ఆలోచన. ఒక్క దీర్ఘమైన కూతకు బదులు రెండు పొట్టి కూతలు వేయించారు. ప్రమాద సూచికగా రాతలు పెట్టకుండా, రైలు మీదికి వస్తుండగా భయంతో నోరు తెరిచిన మనిషి ముఖాన్ని పెద్ద బొమ్మగా నిలబెట్టారు. అక్కడ మరణాలు తగ్గాయి. “దాటరాదు” అనే పలక ఎన్నో ఏళ్ళుగా చేయలేని పని ఇది.

ఒక రైలు మీద కన్ను వేసినవాడు రెండవ రైలును చూడడు. 2022 ఏప్రిల్ 11 రాత్రి శ్రీకాకుళం జిల్లా బాతువ వద్ద ఆగిన రైలు నుండి కొందరు ప్రయాణికులు పక్క పట్టాల మీదికి దిగారు. అదే సమయంలో ఆ పట్టాల మీద కోణార్క్ ఎక్స్‌ప్రెస్ వచ్చింది. కనీసం ఐదుగురు చనిపోయారు. భువనేశ్వరం నుండి బరంపురం, విశాఖపట్నం, సికిందరాబాదు, షోలాపురం మీదుగా ముంబయికి పోయే ఆ బండి మీలో చాలామంది ఎక్కినదే అయి ఉంటుంది. 2018లో అమృత్‌సరులో దసరానాడు పట్టాల మీద నిలబడి రావణ దహనం చూస్తున్నవారిని, బాణసంచా మోతలో వినబడకుండా వచ్చిన రైలు తొక్కివేసింది. సుమారు అరవై మంది పోయారు. ఇలాంటప్పుడు ఇంజనులో ఉన్న మనిషిని ఎవరూ తలచుకోరు. ఎదుట మనిషి కనిపిస్తుంటాడు. కూత వేస్తాడు, బ్రేకు వేస్తాడు. ఇక అతని చేతిలో ఏమీ లేదు. ఆ తరువాత బండిని మళ్ళీ అతడే నడుపుకొని పోవాలి.

1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షను ప్రకారం, రైల్వే స్థలంలోకి అక్రమంగా ప్రవేశించినవారికి ఆరు నెలల దాకా జైలు గాని, వెయ్యి రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. గంప నెత్తిన పెట్టుకున్న మనిషి దగ్గర ఆ వెయ్యి వసూలు చేస్తే వంతెన దగ్గరవుతుందా?

రాతల విషయంలో మాత్రం నాకు ఇంత మెతకదనం లేదు. గోడ మీద పేరు రాయకపోతే ఎవరికీ పొద్దు గడవకుండా పోదు. పైగా రైలు మార్గంలో ఏ అక్షరమూ ఊరకే ఉండదు. గేటుకు ముందు పసుపు పలక మీద కనిపించే నల్లని అక్షరాలు డ్రైవరును కూత వేయమంటాయి. దాని మీద సినిమా కాగితం అంటిస్తే, గేటు దగ్గర ఉన్నవాడికి ఆ కూత అందకపోవచ్చు. విద్యుత్తీగలను మోసే ఒక్కొక్క స్తంభానికీ ఒక సంఖ్య ఉంటుంది. 412/18 అని ఉంటే 412వ కిలోమీటరులోని 18వ సంఖ్య స్తంభమని అర్థం. పట్టా విరిగినా, మనిషి పడిపోయినా 139కి ఫోను చేసి ఆ అంకెలు చెబితే చాలు, ఎక్కడికి రావాలో వారికి తెలుస్తుంది. ఆ అంకెల మీద రంగు పూసినవాడు ఎవరి ప్రాణంతో ఆడుతున్నాడో తనకే తెలియదు. ఇక ఆగి ఉన్న పెట్టె పైకెక్కి పేరు రాసేవాడికీ, ఫోటో దిగేవాడికీ పైన 25,000 వోల్టుల తీగ ఉంటుంది. దానిని తాకనక్కరలేదు, దగ్గరకు పోతే చాలు.

రాళ్ళు రువ్వేవారి సంగతి మరీ విచిత్రం. 2023 జనవరిలో, ఇంకా ప్రారంభం కూడా కాని వందేభారత్ రైలు అద్దాలను విశాఖపట్నం కంచరపాలెం వద్ద పగులగొట్టారు. ప్రయాణికుల ప్రాణానికి ముప్పు కలుగుతుందని తెలిసి రాయి విసిరితే, అదే చట్టం జీవిత ఖైదు దాకా శిక్ష చెబుతున్నది. ఈ శిక్ష ఎక్కువని నేను అనను.

గోడ మీద రంగు పడాలనే కోరిక మాత్రం చెడ్డది కాదు. బీహారులోని మధుబని స్టేషనులో 2017లో స్థానిక చిత్రకారులు కూలి తీసుకోకుండా వేల చదరపు అడుగుల గోడలకు తమ సంప్రదాయ చిత్రాలు వేశారు. వారిని పిలిచి గోడలు చూపించినది రైల్వేవారే. మన స్టేషన్లలోనూ బడిపిల్లలకు ఒక గోడ ఇమ్మని అడగవచ్చు. యానాం పిల్లలు రైలు చూడాలంటే కాకినాడకో మరెక్కడికో పోవాలి కనుక వారికి ఈ బాధ తప్పింది. తక్కినవారు డివిజనల్ రైల్వే మేనేజరుకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ కార్యాలయం బరంపురం వారికి ఖుర్దా రోడ్డులో, బళ్ళారి వారికి హుబ్బళ్ళిలో, షోలాపురం వారికి ఊళ్ళోనే ఉంది. గోడ కోసం రాసే కాగితంలోనే, కంత పడిన ప్రహరీ దగ్గరి స్తంభం సంఖ్య వేసి, రోజుకు ఎంతమంది అక్కడ దాటుతున్నారో లెక్క కట్టి, వంతెన సంగతి కూడా రాయవచ్చు.