మాత్రకు కరువు లేదు, మర్యాదకే కరువు

హెచ్‌ఐవి సోకకుండా ముందే ఆపగల మాత్ర ఒకటుందని మనలో ఎంతమందికి తెలుసు? టెనోఫోవిర్‌, ఎమ్‌ట్రిసిటబిన్‌ కలిపిన ఈ మాత్రను ‘ప్రెప్‌’ అంటారు. అమెరికాలో దీనికి 2012లో అనుమతి వచ్చింది. ప్రమాదం ఎక్కువగా ఉన్నవారందరికీ దీన్ని ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. క్రమం తప్పకుండా వేసుకుంటే లైంగిక సంబంధాల ద్వారా హెచ్‌ఐవి సోకే ప్రమాదం సుమారు 99 శాతం తగ్గుతుంది. హెచ్‌ఐవి మందులను చౌకగా తయారుచేసి ప్రపంచానికి పంపే కంపెనీలు మన హైదరాబాదులోనే ఉన్నాయి. ఆరు నెలలకొకసారి తీసుకునే లెనకాపవిర్‌ ఇంజెక్షన్‌ను 2027 నుంచి ఏడాదికి 40 డాలర్లకే పేద దేశాలకు అందిస్తామని ఇక్కడి హెటెరో, డాక్టర్‌ రెడ్డీస్‌ సంస్థలు 2025లో ప్రకటించాయి. మరి ఇదే ఊళ్ళో ఒక హిజ్రా, ఒక కోథీ, పెళ్ళాంపిల్లలున్న మరొక మగవాడు ఆ మందు అడగడానికి ఎందుకు జంకుతున్నారు?

‘అవగాహన లేక’ అన్నది అందరి దగ్గరా సిద్ధంగా ఉండే జవాబు. అది తప్పంతా అడగలేనివారి మీదికే నెడుతుంది. కళంకం అంటే వాళ్ళ మనసులోని బిడియం కాదు. మన ఆసుపత్రులూ చట్టాలూ ఇళ్ళూ రోజూ చేస్తున్న పని అది.

ప్రెప్‌ మొదలుపెట్టాలంటే ముందు హెచ్‌ఐవి పరీక్ష చేయించుకోవాలి. మూత్రపిండాల పనితీరు చూపించుకోవాలి. ఆ తర్వాత మూడు నెలలకోసారి మళ్ళీ పరీక్ష. వెళ్ళిన ప్రతిసారీ ప్రశ్నలే: పెళ్ళయిందా? ఎవరితో తిరుగుతావు? ఈ మందు నీకెందుకు? పెళ్ళికాని అమ్మాయి గర్భనిరోధక మాత్రలు అడిగితే ఎదురయ్యే చూపు మనకు కొత్తేమీ కాదు. ఇదీ ఆ చూపే, పదింతలై. అన్నీ దాటి మందు తెచ్చుకున్నా దాన్ని ఇంట్లో ఎక్కడ పెట్టుకోవాలి? హెచ్‌ఐవి చికిత్సలో వాడేవీ ఈ మందులే కనుక, సీసా కంటపడితే ‘వీడికి ఆ జబ్బుంది’ అంటారు. దాచిన మాత్ర క్రమం తప్పుతుంది. ఆరు దేశాలలో 2,499 మంది పురుషులు, ట్రాన్స్‌ స్త్రీలతో జరిపి 2010లో ప్రకటించిన ఐప్రెక్స్‌ పరిశోధనలో మొత్తం మీద కనిపించిన రక్షణ 44 శాతమే. రక్తంలో మందు ఉన్నవారిలో అది 90 శాతం దాటింది. మాత్ర చేతికిస్తే చాలదు, నిర్భయంగా మింగగలిగే బతుకూ కావాలి.

ఈ భయం ఊహల్లోంచి పుట్టలేదు. ఆడబట్టల్లో కనబడిన హిజ్రాలను వారంటు లేకుండా అరెస్టు చేయడానికి నిజాం పాలనలో 1919లో తెచ్చిన చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది 2023లో. హెచ్‌ఐవి నివారణ ప్రచారం చేస్తున్న కార్యకర్తలను 2001లో లక్నో పోలీసులు 377వ సెక్షన్‌ కింద పట్టుకుంటే, వాళ్ళు 47 రోజులు జైల్లో ఉన్నారు. సమ్మతితో కూడిన స్వలింగ సంబంధాలు నేరం కాదని సుప్రీంకోర్టు 2018లో అన్నది. నూరేళ్ళ భయం ఒక తీర్పుతో పోతుందా? 2017 నాటి హెచ్‌ఐవి చట్టం కూడా వివక్షను నిషేధించింది ప్రధానంగా హెచ్‌ఐవి ఉన్నవారి, వారితో కలిసి జీవించేవారి విషయంలోనే. అంటే జబ్బు వచ్చాక రక్షణ ఉంది. రాకుండా చూసుకుంటానని వచ్చినవారిని ఛీకొడితే ఆ చట్టం పెద్దగా అక్కరకు రాదు.

నారాయణగూడలో ట్రాన్స్‌ వ్యక్తులే నడిపిన మిత్ర్‌ క్లినిక్‌ 2021లో మొదలైంది. అమెరికా నిధులు ఆగిపోగానే 2025లో మూతపడింది. తరువాత టాటా ట్రస్ట్స్‌ సాయంతో వేరే పేరుతో తెరుచుకుంది. సంతోషమే. కానీ దాత మనసు మారితే మూతపడేదాన్ని హక్కు అనగలమా?

‘ఈ మాత్రలిస్తే విచ్చలవిడితనం పెరుగుతుంది’ అనేవారూ ఉన్నారు. గర్భనిరోధక మాత్రల గురించి స్త్రీలను అన్న మాటే ఇది. ఇక ‘భర్తలకు ఇస్తే భార్యలు బతుకుతారు’ అని సమర్థించేవారు మరికొందరు. భార్యల ప్రాణాలు ముఖ్యమే, వాళ్ళకూ ఆ మాత్ర హక్కే. కానీ ఒక మనిషి ఆరోగ్యానికి ఇంకొకరి పేరు పూచీ కావలసిన అవసరమేమిటి?

‘ఇది మన సమస్యేనా?’ అని మహిళా సంఘాలలోనూ వినిపిస్తోంది. పటాన్‌చెరులో స్త్రీలకు చెప్పకుండా నెట్‌-ఎన్‌ ఇంజెక్షన్ల ప్రయోగం జరుగుతుంటే స్త్రీశక్తి సంఘటన 1986లో సుప్రీంకోర్టుకెక్కింది. అప్పుడు అడగనివారికి మందు పొడిచారు. ఇప్పుడు అడిగేవారికి దొరకనివ్వడం లేదు. రెండుచోట్లా కొన్ని శరీరాలకు సొంత మాట లేదనే అహంకారమే. అది పితృస్వామ్యమే.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. బీపీ, షుగరు మాత్రలిచ్చే బస్తీ దవాఖానాలోనే ప్రెప్‌ ఉచితంగా ఇవ్వాలి. పెళ్ళి గురించి, భాగస్వాముల గురించి చికిత్సకు అక్కరలేని ప్రశ్నలు మానాలి. రహస్యం బయటపెట్టిన సిబ్బందిపై చర్య ఉండాలి. హిజ్రాలను, కోథీలను గౌరవ వేతనంతో సరిపెట్టకుండా పూర్తి జీతంతో ఆరోగ్య కార్యకర్తలుగా తీసుకోవాలి. నివారణ కోరేవారికీ వివక్ష నుంచి చట్టరక్షణ కావాలి. వీటిని ప్రభుత్వం ముందు పెట్టే ముందు మన సంఘాల కౌన్సెలింగ్‌ కేంద్రాల తలుపులు ట్రాన్స్‌ స్త్రీలకు తెరవాలి. అక్కడ మనం ఏ ప్రశ్న ముందు అడుగుతామో దాన్నిబట్టే మన మాటకు విలువ.