తీరిక వేళ: వేసవి సినిమా ఇంటిల్లిపాదికీ తగినదేనా?

పరీక్షలు ముగిశాయి. పుస్తకాలు అటక ఎక్కాయి. ఇక పిల్లలు పెద్దలను అడిగే ప్రశ్న ఒక్కటే: "సినిమాకు ఎప్పుడు?" మన తెలుగువారు రోహిణీకార్తె అని పిలిచే రోజులనే ఈ రాయపూర్ వాసులు నౌతపా అంటారు. మే 25వ తేదీ ప్రాంతంలో మొదలయ్యే ఆ తొమ్మిది రోజులలో రోళ్లు పగిలే ఎండ కాస్తుంది. మధ్యాహ్నం వేళ కుటుంబమంతా చల్లగా కూర్చోగల చోట్లు ఊరిలో కొద్దిగానే ఉంటాయి. వాటిలో సినిమా హాలు ఒకటి. కనుక ఈ పర్యాయం ఈ శీర్షికలో ఆ విషయాన్నే ముచ్చటించదలచాము.

ఏ చిత్రం చూడవచ్చునో పేర్లు చెప్పి ఊరుకొమ్మని కొందరు మిత్రులు సలహా ఇచ్చారు. కాని శుక్రవారం వచ్చిన చిత్రం మరుసటి శుక్రవారానికి ఉంటుందో ఉండదో తెలియని కాలమిది. ఈ సంచిక మీ చేతికి అందేసరికి హాలు ముందరి బొమ్మ మారిపోయి ఉండవచ్చు. అందువల్ల పేర్ల పట్టిక కన్న ఎంచుకొనే పద్ధతిని తెలుసుకొనడమే మేలని మా అభిప్రాయం.

మొదట సర్టిఫికెట్టు సంగతి. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం క్రింద తొలుత రెండే ముద్రలు ఉండేవి. అందరికీ తగినది 'యూ', పెద్దలకు మాత్రమే తగినది 'ఏ'. 1983లో ఈ రెంటి నడుమ 'యూఏ' వచ్చింది. పన్నెండేళ్ల లోపు పిల్లలు పెద్దల మార్గదర్శకత్వంలో చూడవలెనని దాని భావం. అయిదేళ్ల పసివాడికీ పదకొండేళ్ల బాలుడికీ ఒకే కొలత పెట్టిన ఆ ముద్ర నలభై ఏళ్లు నడిచింది. 2023లో పార్లమెంటు చట్టాన్ని సవరించి యూఏను మూడు మెట్లుగా విడగొట్టింది: యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+. 2024లో వచ్చిన కొత్త నియమావళితో ఈ విధానం అమలులోకి వచ్చింది. ఇంటిలో టీవీ మీద చూసే ఓటీటీ చిత్రాలకు ఇటువంటి మెట్లు 2021 నిబంధనలలోనే ఉన్నాయి.

ఇక్కడ గృహస్థులు గమనించవలసిన ముఖ్యాంశం ఒకటి ఉన్నది. 'ఏ' చిత్రానికి పద్దెనిమిదేళ్లు నిండని వారిని లోపలికి పంపకుండా ఆపవలసిన బాధ్యత హాలు యాజమాన్యానిది. యూఏ అంకెల విషయం అట్లు కాదు. ఆ అంకె తల్లిదండ్రులు ఆలోచించుకొనడానికి మాత్రమేనని, వారు తప్ప మరొకరు దానిని అమలు పరచరాదని చట్టమే చెబుతున్నది. అనగా యూఏ 16+ చిత్రానికి మీరు ఆరేళ్ల పిల్లవాడిని చేయిపట్టుకొని తీసుకువెళితే గేటు దగ్గర ఎవరూ ఆపరు. ఆపవలసినది మీరే. సర్టిఫికెట్టు తెర మీద కనిపించే పది సెకన్లలో ఈ విషయం గ్రహించి లాభం లేదు. అప్పటికి టిక్కెట్టు చిరిగిపోయి ఉంటుంది. ప్రకటనలోను, టిక్కెట్టు కొనే చోటను ఆ అంకె ముందుగానే చూసుకొనవలెను.

అంకె చూశాము గదా, ఇక చాలునా? చాలదు. మన కర్మాగారాలలో క్రేను మీద సురక్షితంగా ఎత్తగల బరువు ఎంతో రాసి ఉంటుంది. బరువు అంతకు లోపే ఉన్నంత మాత్రాన ప్రతి ఎత్తుడూ సురక్షితమని ఏ ఫోర్‌మనూ అనడు. తాడు ఎట్లున్నది, కోణం ఎంత, కింద ఎవరున్నారు అని కూడా చూస్తాడు. సినిమా అంకె కూడ మొదటి పరిశీలన మాత్రమే. 2017 ఏప్రిల్ 28న విడుదలైన 'బాహుబలి 2' మన దేశంలో యూఏగా వచ్చింది. అదే చిత్రాన్ని సింగపూరులో పదహారేళ్ల లోపు పిల్లలు చూడరాదన్నారు. తలలు తెగిపడే యుద్ధాన్ని మనం పురాణకథ వలె చూశాము. వారు రక్తపాతంగా చూశారు. రెండు చూపులలోను నిజమున్నది. మీ బిడ్డ ఏ చూపుతో చూస్తుందో మీకే తెలియవలెను.

మా ఎరుకలోని ఒక ఇంట ఇట్లే జరిగింది. అన్నదమ్ములు ఇద్దరూ ఒకే చిత్రానికి వెళ్లారు. పదమూడేళ్ల పెద్దవాడు విరామంలో కత్తియుద్ధం ఎట్లు తీశారో వివరిస్తూ ఉండగా, ఆరేళ్ల చిన్నవాడు తల్లి కొంగులో ముఖం దాచుకున్నాడు. తరువాత వారం రోజులు వాడు దీపం ఆర్పనివ్వలేదు. "సినిమా మంచిదే బాబూ, పిల్లడికి ఈడు చాలలేదు" అని వాళ్ల మామ్మగారు ఒక్క మాటలో తేల్చారు. ఇంతకు మించిన సమీక్ష మేము ఎక్కడా చదవలేదు.

నిర్మాతలే ముందుగా హెచ్చరించిన సందర్భాలు కూడ లేకపోలేదు. 2025 మే 1న, నిండు సెలవులలో, 'హిట్: ది థర్డ్ కేస్' 'ఏ' సర్టిఫికెట్టుతో విడుదలైంది. ఇది పిల్లలు చూసే చిత్రం కాదని కథానాయకుడు నాని విడుదలకు ముందే చెప్పారు. కుటుంబ ప్రేక్షకుల అభిమానం పొందిన నటుడు అట్లు చెప్పడం మెచ్చుకొనదగినది. నటుడి పేరు చూసి కాక చిత్రాన్ని చూసి నిర్ణయించుకొనవలెనని కూడ ఇందువల్ల తెలుస్తున్నది.

రాయపూర్‌లో మన కుటుంబాలకు మరొక చిక్కు ఉన్నది. విజయనగరం నుంచి రాయపూర్ వరకు రైలు మార్గం 1931లో పూర్తయిన నాటి నుంచి ఉత్తరాంధ్రకూ ఈ ప్రాంతానికీ రాకపోకలు పెరిగాయి. 1950లలో భిలాయి ఉక్కు కర్మాగారం రాకతో మన వారి సంఖ్య ఇంకా పెరిగింది. అయినా పెద్ద తెలుగు చిత్రం ఇక్కడ తరచు హిందీ మాటలతోనే ఆడుతుంది. పిల్లలకు అది సుఖమే, ఎందుకంటే బడిలో వారి భాష హిందీయే. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మకు మాత్రం బొమ్మే మిగులుతుంది, మాట అందదు. అనువాద చిత్రానికి సర్టిఫికెట్టు కూడ వేరుగానే ఇస్తారు. కనుక తెలుగు ప్రతికి వచ్చిన అంకె చూసి హిందీ ప్రతికి వెళ్లరాదు.

దీనికి మా సూచన ఇది. తెలుగు ప్రతి ఆట ఒక్కటి దొరికినా, వేళ కొంచెం అననుకూలమైనా, దానినే ఎంచుకొనండి. పిల్లలకు రెండు గంటల తెలుగు చెవిన పడుతుంది, పెద్దవారికి గౌరవం దక్కుతుంది. అది దొరకనప్పుడు హిందీ ప్రతి చూసి, తిరుగు ప్రయాణంలో కథను తెలుగులో చెప్పమని పిల్లలను అడగండి. మాటలు తడుముకుంటారు, అందించండి. ఇక ఛత్తీస్‌గఢీ చిత్రాలను చిన్నచూపు చూడకండి. అంటరానితనాన్ని ప్రశ్నించిన 'కహి దేబే సందేశ్' 1965లోనే వచ్చింది. రాష్ట్రం ఏర్పడిన 2000 సంవత్సరంలోనే 'మోర్ ఛైహా భుఇయా' ఘనవిజయం సాధించింది. ఈ నేల భాష మన పిల్లలకు ఆటల భాష.

కుటుంబానికి తగిన చిత్రమంటే ఎట్లుండవలెనని అడిగితే కొన్ని ఉదాహరణలు చెప్పగలము. 1957 మార్చి 27న 'మాయాబజార్', 1963 మార్చి 29న 'లవకుశ' విడుదలయ్యాయి. పసివాడికి ఘటోత్కచుడు, పెద్దవాడికి సంభాషణ, ముసలివారికి పద్యం. ఎవరి వాటా వారికి ఉన్నది. 1990 మే 9న తుఫాను రోజులలో విడుదలై కూడ నిలిచిన 'జగదేకవీరుడు అతిలోకసుందరి' ముప్పై అయిదేళ్లకు అదే తేదీన, 2025లో, త్రీడీ రూపంతో సహా మళ్లీ వచ్చింది. తండ్రి తన బాల్యాన్ని కొడుకుకు చూపగలగడం అందులోని విశేషం.

మరొక రకం చిత్రాలు ఉన్నాయి. 2024 మే 10న వచ్చిన హిందీ చిత్రం 'శ్రీకాంత్' మచిలీపట్నం ప్రాంతంలో పుట్టిన అంధుడు శ్రీకాంత్ బొల్లా జీవితకథ. పదవ తరగతి తరువాత సైన్సు చదవనివ్వకపోతే న్యాయస్థానానికి వెళ్లి గెలిచి, అమెరికాలోని ఎంఐటీలో చదివి, హైదరాబాదులో పరిశ్రమ స్థాపించిన వ్యక్తి ఆయన. మార్కుల కోసం తల్లడిల్లే ఇళ్లలో తప్పక చూడవలసిన కథ. 2018 మే 9న వచ్చిన 'మహానటి' కూడ గొప్ప చిత్రమే. అయితే అందులో తాగుడు, దాంపత్య కలహం, పతనం ఉన్నాయి. అది ఎదిగిన పిల్లలతో కూర్చొని చూసి, ఆ తరువాత మాట్లాడుకొనవలసినది. బాధ ఉన్న చిత్రమంతా పిల్లలకు పనికిరానిదని మేము అనము. బాధకు అర్థం చెప్పే పెద్దవారు పక్కన ఉండవలెనని మాత్రమే అంటాము.

ఇక బయలుదేరే ముందు కొన్ని చిన్న జాగ్రత్తలు.

ఒకటి, ధ్వని. హాలు ధ్వనివ్యవస్థను 85 డెసిబెళ్ల ప్రమాణానికి సరిచేస్తారు. పోరాట దృశ్యాలలో ఒక్కొక్క ఛానెలు శిఖరధ్వని 105 వరకు పోగలదు. కర్మాగారంలో ఎనిమిది గంటల పనికి 90 డెసిబెళ్లు హద్దని మనకు తెలుసు. చంటిబిడ్డలను పోరాట చిత్రాలకు తీసుకువెళ్లకపోవడమే ఉత్తమం. పిల్లలతో వెళ్లినవారు తెరకూ స్పీకర్లకూ దూరంగా కూర్చోవాలి.

రెండు, ఎండ. నలభై నాలుగు డిగ్రీల నుంచి ఒక్కసారిగా చల్లని హాలులోకి, అక్కడి నుంచి మళ్లీ ఎండలోకి వెళితే పెద్దవారికి తల తిరుగుతుంది. సాయంకాలపు ఆట మేలు. పసివారికి పలుచని దుప్పటి, బయటికి రాగానే మజ్జిగ మరువకండి.

మూడు, తిండి ఖర్చు. బయటి ఆహారాన్ని వద్దనే హక్కు హాళ్లకు ఉన్నదని 2023 జనవరి 3న సుప్రీం కోర్టు చెప్పింది. అయితే పరిశుభ్రమైన తాగునీరు ఉచితంగా ఇవ్వవలెను. శిశువుకు కావలసిన ఆహారం తల్లిదండ్రులు తెచ్చుకొనవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయల లోపు టిక్కెట్టు మీద జీఎస్టీ 5 శాతం, ఆ పైన 18 శాతం. అయిదుగురు సభ్యుల కుటుంబానికి ఈ తేడా స్వల్పం కాదు.

చివరగా ఒక మనవి. సినిమా వద్దనిపిస్తే పిల్లలకు "వద్దు" అని మాత్రమే చెప్పి ఊరుకోకండి. ఎందుకు వద్దో చెప్పండి, ఏ వయసులో చూపిస్తారో చెప్పండి, ఆ మాట నిలబెట్టుకొనండి. అట్లు పెరిగిన పిల్లలు రేపు మీరు పక్కన లేనప్పుడు, చేతిలోని ఫోనులో ఏది చూడవచ్చునో ఏది చూడరాదో తామే నిర్ణయించుకొనగలుగుతారు. హాలుకు వెళ్లేది ఏడాదికి నాలుగుసార్లు. ఫోను ప్రతిరోజూ తెరుస్తారు. అందుచేత ఈ నాలుగు సార్లే వారికి పాఠశాల అనుకొనవలెను.

ఈ సెలవులలో మీ కుటుంబం చూసిన చిత్రమేదో, అమ్మమ్మ నుంచి పసివాడి వరకు ఎవరికి ఏమి నచ్చిందో నాలుగు వాక్యాలలో రాసి సంపాదకవర్గానికి పంపగోరుతున్నాము. పిల్లలే స్వయంగా తెలుగులో రాస్తే మరింత సంతోషం.