ఆ లక్ష తేడాలో చేతికి ఎంత?

క్యాంపస్‌లో మీకు రెండు ఆఫర్లు వచ్చాయనుకుందాం. హైదరాబాద్‌లో 4 లక్షలు, బెంగళూరులో 5 లక్షలు. ఎవరిని అడిగినా ఒకటే మాట.. ‘ఇంకా ఆలోచన దేనికి, బెంగళూరు వెళ్లిపో!’ నేనైతే సరేననే ముందు ఓ తెల్లకాగితం తీసుకోమంటాను.

ఆ లక్షను పన్నెండుతో భాగిస్తే నెలకు 8,333 రూపాయలు. అదీ కాగితం మీదే. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ చాలావరకు సీటీసీలోనే కలిపి చూపిస్తారు. వేరియబుల్ పే ఉంటే అదీ అందులోనే. మీ పీఎఫ్ వాటా కూడా పోతే తేడా ఇంకా తగ్గుతుంది. అందుకే ‘నెలకు చేతికెంత వస్తుంది?’ అని హెచ్ఆర్‌ను మొహమాటపడకుండా అడగండి.

ఇక ఖర్చు. ఏ నగరంలో ఎంత శాతం ఎక్కువో చెప్పే ఆన్‌లైన్ లెక్కలు సగటులు మాత్రమే. ముగ్గురితో గది పంచుకునే ఫ్రెషర్ బతుకు వాటిలో కనిపించదు. నిజానికి మనల్ని ముంచేది మొదటి నెల. బెంగళూరులో ఫ్లాట్‌కు అయిదారు నెలల అడ్వాన్సు మామూలే, పది నెలలది అడిగేవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్‌లో ఎక్కువగా రెండు నెలలతో సరి. 20 వేల అద్దె ఇంట్లో ఇద్దరు దిగితే, ఆరు నెలల అడ్వాన్సులో మీ వాటాయే 60 వేలు. ఆ డబ్బు నాన్న నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 1,200 వడ్డీకే పోతుంది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఓ నెల అద్దె కోసుకోవడం అక్కడ మామూలే. కాబట్టి మొదటి ఆరు నెలలూ ఆఫీసు దగ్గర పీజీలో ఉండటమే మేలు. సాంబారు ఎలా ఉన్నా సరే!

ఆఫీసు దగ్గర అని ఊరికే అనలేదు. 2025లో రెండు చోట్లా మెట్రో ఛార్జీలు పెరిగాయి. బెంగళూరులో గరిష్ఠ టికెట్ 90 రూపాయలైంది. అంత దూరం రోజూ వెళ్లొస్తే 22 రోజులకు దాదాపు 4 వేలు. అమ్మాయిలకు ఇంకో లెక్క ఉంది. తెలంగాణలో మహాలక్ష్మి, కర్ణాటకలో శక్తి ఉచిత బస్సు పథకాలు ఆ రాష్ట్రాల వాళ్లకే. వరంగల్ ఆధార్‌తో బెంగళూరులో బస్సెక్కితే టికెట్ కొనాల్సిందే. ఒంగోలు అమ్మాయికి రెండు నగరాల్లోనూ అంతే.

బెంగళూరు వద్దని కాదు నా మాట. మీరు నేర్చుకోవాలనుకున్న పని అక్కడే ఉంటే, నెలకు రెండు వేలు తక్కువ మిగిలినా వెళ్లండి. కేవలం జీతం కోసమే అయితే మాత్రం కాగితం నింపాకే నిర్ణయించుకోండి.

అన్నట్టు, మొదటి జీతం ఎప్పుడు పడుతుందో కూడా అడగండి. నెలాఖరులో చేరితే ఆ నాలుగు రోజుల డబ్బు వచ్చే నెల జీతంతో కలిపి ఇచ్చే కంపెనీలున్నాయి. అప్పటిదాకా పీజీ ఆంటీ ఆగదు.