ఒక్క రాత్రిలో మార్చివేస్తారట!

"సర్వరు మారుస్తున్నాము, సోమవారం రండి." గత సంవత్సరం ఒక కార్యాలయపు కిటికీ వద్ద నాకు లభించిన సమాధానమిది. సోమవారం వెళితే "గురువారం రండి" అన్నారు. వరుసలో నాకన్న పెద్దవారు, చేతికర్ర ఊతగా నిలబడినవారు ఉన్నారు.

మార్పు వద్దని ఎవరనగలరు? కాని ఉన్న యంత్రాలన్నిటినీ ఒకేసారి మార్చబూనడం సాహసం కాదు, బాధ్యతారాహిత్యం.

స్టోరేజి క్లస్టరు అనే యంత్రసమూహపు నిర్మాణంలోనే దీనికి విరుగుడున్నది. హడూప్ వంటి వ్యవస్థలలో ప్రతి దస్త్రఖండానికీ సాధారణంగా మూడు ప్రతులు వేరువేరు యంత్రాలలో ఉంటాయి. కనుక ఒక యంత్రాన్ని ప్రక్కకు తీసి, ఆపరేటింగు సిస్టమును నవీకరించి, తిరిగి చేర్చి, ప్రతులన్నీ సరిపోయినవని రూఢి చేసుకొన్న తరువాతనే రెండవదాని జోలికి పోవాలి. ఈలోగా జనుల పనులు ఆగవు. తొందరపడి రెండింటిని తీస్తే కొన్ని ఖండాలకు ఒక్క ప్రతే మిగులుతుంది. ఆ క్షణాన ఆ డిస్కు చెడితే? పుత్రికను సరిచూడకముందే తాటాకు మాతృకను పారవేసిన లేఖకుణ్ణి మనమేమంటాము?

పాత సాఫ్టువేరూ కొత్తదీ కొన్నాళ్ళు కలిసి పనిచేయగలవా? వెనుకకు రాలేని మెట్టు ఏది? ఇవి ముందే కాగితంపై వ్రాసుకోవాలి. ఆ మెట్టును అన్నిటికన్న చివర ఎక్కాలి.

"ఆలస్యం అమృతం విషం, భద్రతా లోపాలు మన కోసం ఆగుతాయా?" అని కొందరి ఆక్షేపణ. వారికి ఒక్కటే ఉదాహరణ. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ తన భద్రతా సాఫ్టువేరుకు లోపమున్న నవీకరణను ప్రపంచమంతటా ఒకేసారి పంపింది. 78 నిమిషాలలో వెనుకకు తీసుకొన్నది. అప్పటికే, మైక్రోసాఫ్టు అంచనా ప్రకారం, 85 లక్షల విండోస్ యంత్రాలు మూలబడ్డాయి. శంషాబాదు విమానాశ్రయంలో బోర్డింగు పాసులను చేతితో వ్రాసి ఇచ్చారు. దస్తూరీ దిద్దించిన ఉపాధ్యాయునిగా నేను సంతోషించవలసినదే! కాని తప్పు గంటన్నర లోపే బయటపడిందన్నది గమనించండి. మొదట కొద్ది యంత్రాలకే పంపి ఆ గంటన్నర ఆగి ఉంటే ప్రపంచం నిలిచిపోయేది కాదు. ఇకపై దశలవారీగానే పంపుతామని తరువాత ఆ సంస్థే ప్రకటించింది.

మా జంగారెడ్డిగూడెం మెట్ట ప్రాంతం. అయినా డెల్టా ఆనవాయితీ మాకు తెలియనిది కాదు. దాళ్వా పంట చేతికి వచ్చిన తరువాత, తేదీ ముందే చెప్పి, కాలువలు కట్టి మరమ్మతులు చేస్తారు. చేను పొట్టమీద ఉండగా కాలువ కడితే రైతు ఊరుకొంటాడా?

మనమెందుకు ఊరుకోవాలి? ఈసారి ఎవరైనా "సర్వరు మారుస్తున్నాము" అంటే తల వంచుకొని తిరిగి రాకండి. మూడు ప్రశ్నలడగండి: మొదట ఎన్నిటిని మార్చారు? సరిచూచినదెవరు? వెనుకకు వచ్చే దారి ఏది? జవాబు లేకపోతే, అక్కడ చెడినది యంత్రం కాదు.