విశ్రాంతి ఎవరికి?

ప్రియ సహోదరీ సహోదరులారా,

ఈ నెల మీకు ప్రసంగం రాయడం లేదు. ఒక ప్రయాణం గురించి చెప్పాలనుకుంటున్నాను. ఆ ప్రయాణంలో నా తప్పు ఒకటి నాకు కనబడింది. దానిని దాచుకుని మీకు విశ్రాంతిని గురించి బోధించడం న్యాయం కాదు గనుక ముందుగానే ఒప్పుకుంటున్నాను.

మా సంఘంలో ఏడు కుటుంబాలవారు కలిసి నెలకు మనిషికి వెయ్యి రూపాయల చొప్పున రెండేళ్లు దాచుకున్నారు. కూలికి వెళ్లేవారు, పాడి చేసుకునేవారు, ఒక బడిపంతులు, ఒక దర్జీ. సముద్రం మధ్యలో ఉన్న దీవిని ఒక్కసారి చూడాలని వాళ్ల కోరిక. “అయ్యగారూ, మీరూ అమ్మగారూ రాకపోతే మేమూ వెళ్లం” అన్నారు. అలా 2025 జనవరిలో, కోతలు అయ్యాక, పద్నాలుగు మందిమి అండమాను బయలుదేరాం.

విశాఖపట్నం నుంచి అప్పుడప్పుడు ఓడ ఉంటుంది గాని, రెండు రోజులకు పైగా ప్రయాణం. అందుకని మద్రాసు వరకు రైలులోను, అక్కడి నుంచి విమానంలోను వెళ్లాం. విమానం ఎక్కడం మాలో పన్నెండు మందికి అదే మొదటిసారి. రెండు గంటలు గడిచాక కింద నీలి నీళ్ల మధ్య పచ్చని దీవులు కనబడితే అందరం కిటికీల వైపు ఒరిగిపోయాం. దిగిన ఊరు పోర్ట్ బ్లెయిర్. 2024లో దానికి శ్రీ విజయ పురం అని పేరు పెట్టారు, కాని జనం నోట ఇంకా పాత పేరే వినబడుతోంది.

ఆ సాయంత్రం సెల్యులర్ జైలు చూశాం. 1906లో పూర్తయిన ఆ జైలుకు ఏడు విభాగాలు ఉండేవి. ఇప్పుడు మూడే నిలిచి ఉన్నాయి. మన అల్లూరి సీతారామరాజుతో కలిసి పోరాడిన గాము మల్లుదొర కూడా అండమాను శిక్ష అనుభవించినవాడే. ఆయన తర్వాత 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఆ జైలులో ఖైదీలను ఎద్దులకు బదులు గానుగకు కట్టి నూనె ఆడించేవారు. రోజుకు ఇంత నూనె అని లెక్క. లెక్క తగ్గితే దెబ్బలు. ఎద్దులను మేపుకునే మా పెద్దాయన ఒకరు ఆ గానుగ ఎదుట చాలాసేపు నిలబడ్డారు. “ఎద్దునైనా మధ్యాహ్నం విప్పుతాం గదండీ” అన్నారు. ఆ మాట ఎందుకో నాతోనే వచ్చింది.

మర్నాడు ఉదయం పడవెక్కి హేవ్‌లాక్ దీవికి వెళ్లాం. రెండున్నర గంటల ప్రయాణం. దానికి 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాలు నుంచి వచ్చిన కుటుంబాలను అక్కడ స్థిరపరచారు గనుక ఆ ఊళ్లలో ఎక్కువగా బెంగాలీ మాట వినబడుతుంది. వక్కతోటలు, కొబ్బరితోటలు, వరిపొలాలు చూసి మావాళ్లు “మన కోనసీమేనండీ” అన్నారు.

మేము దిగినది ఒక చిన్న రిసార్టు. కొబ్బరిచెట్ల కింద కుటీరాలు, ఎదురుగా సముద్రం, వేళకు భోజనం. వండేవారు వేరే, ఊడ్చేవారు వేరే, పక్కబట్టలు మార్చేవారు వేరే. మేము చేయవలసిన పని ఏదీ లేదు. అసలు కష్టం అక్కడే మొదలైంది.

మొదటి ఉదయం తెల్లవారకముందే చీపురు చప్పుడైంది. చూస్తే మా సంఘంలో అందరూ అత్తమ్మ అని పిలిచే పెద్దావిడ తన కుటీరం ముందు రాలిన ఆకులు ఊడుస్తున్నారు. భర్త పోయి పదేళ్లయింది, ముగ్గురు పిల్లలను ఒంటిచేత్తో పెంచి పెళ్లిళ్లు చేసిన మనిషి. “ఎందుకమ్మా, వాళ్లు ఊడుస్తారు గదా” అన్నాను. “చేతులు ఊరికే ఉంటే భయంగా ఉంది అయ్యగారూ. ఏదో మరిచిపోయి వచ్చినట్టుంది” అన్నారు.

ఫలహారాల దగ్గర ఒక కుర్రవాడు ఆమెకు ఇడ్లీ వడ్డించాడు. ఆమె లేచి నిలబడబోయి మళ్లీ కూర్చున్నారు. కళ్లు తుడుచుకున్నారు. నా భార్య ఏమైందని అడిగితే, “నేను కూర్చుని ఉండగా నాకు ఇంకొకరు వడ్డించింది నా పెళ్లినాడమ్మా. తర్వాత పురిటి మంచం మీద. ఇది మూడోసారి” అన్నారు.

ఆ కుర్రవాడు తెలుగులోనే మాట్లాడాడు. సోంపేట దగ్గర ఊరట. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి చేపలవేటకు, కూలిపనికి అండమాను వెళ్లి స్థిరపడిన తెలుగువారు చాలామంది ఉన్నారు. ఇతడు మేనమామ వెంట వచ్చాడు. ఇంటికి వెళ్లి రెండేళ్లయింది. అత్తమ్మ ఊరుకోలేదు. “నాయనా, నువ్వు తిన్నావా?” అని అడిగారు. “మీరందరూ తిన్నాక తింటానమ్మా” అన్నాడు. అప్పటికి పదిన్నర. మాలో నలుగురు మగవాళ్లు ఇంకా స్నానానికే వెళ్లలేదు. సెలవే గదా అని నిద్రపోతున్నారు. అత్తమ్మ లేచి ఒక్కొక్క తలుపూ కొట్టారు. “మీరు తింటేగాని ఆ పిల్లవాడు తినడు, లేవండి!” మర్నాటి నుంచి ఎనిమిదింటికల్లా పద్నాలుగు మందీ బల్లల దగ్గర ఉన్నారు. ఆ ఆజ్ఞ పాస్టరుది కాదు, అత్తమ్మది.

ఇక నా సంగతి. ఆ సాయంత్రం రాధానగర్ తీరానికి వెళ్లాం. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోనే మంచి తీరమని పేర్కొన్నది దీనినే. తెల్లని మెత్తని ఇసుక, వెనుక ఆకాశాన్నంటే చెట్లు. తూర్పు ఒడ్డున మా రిసార్టు ముందు ఆటు వచ్చిందంటే నీళ్లు దూరంగా వెనక్కి పోయి పగడపు రాళ్లు బయటపడతాయి, స్నానానికి వీలుండదు. రాధానగర్‌లో అలా కాదు. అయినా కాపలావాళ్లు చెప్పిన హద్దు దాటకూడదు. ఆ దీవి నీళ్లలో 2010లో ఒక విదేశీ యాత్రికురాలిని మొసలి చంపింది. అందుకే పొద్దు వాలగానే ఈల వేసి అందరినీ బయటికి పిలుస్తారు.

ఇంకొక సంగతి. అండమాను మనకు తూర్పున చాలా దూరం, గడియారం మాత్రం దేశమంతటికీ ఒక్కటే. అందువలన అక్కడ మనకంటే సుమారు నలభై నిమిషాల ముందే పొద్దు పొడుస్తుంది, ముందే గుంకుతుంది. జనవరిలో సాయంత్రం ఐదున్నర కాకముందే సూర్యుడు సముద్రంలో దిగిపోతాడు.

మా ఆడవాళ్లు మొదట ఒడ్డునే నిలబడ్డారు. తర్వాత పాదాలు తడుపుకున్నారు. తర్వాత ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మోకాళ్ల లోతు వరకు వెళ్లారు. అల వచ్చినప్పుడల్లా చిన్నపిల్లల్లా కేకలు, నవ్వులు. నా భార్య కూడా వాళ్లలో ఉంది. పెళ్లయి ఇరవై రెండేళ్లయింది. ఆమె అంత గట్టిగా నవ్వడం నేను ఎన్నడూ వినలేదు.

నేను స్నానం చేసి ఒడ్డుకు వచ్చాను. చలిగాలి వేస్తోంది. అలవాటు చొప్పున కేక వేశాను: “ఇదిగో, తువాలు ఎక్కడ పెట్టావు?”

ఆమె నవ్వు ఆగిపోయింది. పక్కవాళ్ల చేతులు విడిపించుకుని నీళ్లలోనుంచి బయటికి వచ్చింది. చెట్ల దగ్గర మా సంచులున్న చోటికి నడిచి, తువాలు తీసి, తెచ్చి నా చేతికిచ్చింది. సంచి నాకు ఇరవై అడుగుల దూరంలోనే ఉంది. ఆమె మళ్లీ నీళ్ల వైపు తిరిగేసరికి ఈల వినబడింది. అందరూ బయటికి వచ్చేస్తున్నారు. సూర్యుడు దిగిపోయాడు. మర్నాడు మధ్యాహ్నమే మా తిరుగు పడవ.

ఆమె ఏమీ అనలేదు. తడి చీర కుచ్చిళ్లు పిండుకుంటూ, “చాలా బాగుందండీ” అంది. ఆమె సణిగి ఉంటే బహుశా నేను ఏదో ఒక సమాధానం చెప్పుకునేవాడిని. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేకపోయింది.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనకు నేను ముందే అనుకున్న భాగం నిర్గమకాండము ఇరవయ్యవ అధ్యాయములోని విశ్రాంతిదినపు ఆజ్ఞ. పని మానవలసినవారి వరుస అక్కడ ఉంది: నీవు, కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, పశువు, ఇంట ఉన్న పరదేశి. ఎన్నోసార్లు దానిమీద ప్రసంగించాను. ఆ వరుసలో భార్య మాట వేరుగా లేదు. ‘నీవు’ అన్న మాటలోనే భార్య కూడా ఉన్నదని వేదాంత పాఠశాలలో మాకు నేర్పారు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఇంటికి వచ్చాక మాత్రం ఆ ‘నీవు’ నేనొక్కడినే అయ్యాను. మంగళవారం నాకు విశ్రాంతి దినమని సంఘమంతటికీ తెలుసు. మా ఇంట్లో ఆమెకు ఏ దినమో నాకే తెలియదు.

ద్వితీయోపదేశకాండము అయిదవ అధ్యాయములో ఆ ఆజ్ఞకు ఒక కారణం కనబడుతుంది. ఐగుప్తులో మీరూ దాసులై ఉన్నారు, కనుక మీ క్రింద పనిచేసేవారూ మీవలెనే సేదదీరాలని దాని భావం. చదువుతుంటే జైలులోని గానుగ, పెద్దాయన మాట నాకు గుర్తుకు వచ్చాయి. ఎద్దునైనా మధ్యాహ్నం విప్పుతాం. మన ఇంటి పొయ్యి దగ్గర ఉన్న మనిషిని ఎప్పుడు విప్పుతున్నాం?

ఆ రాత్రి నేను ప్రసంగించలేదు. తువాలు సంగతి అందరి ముందు చెప్పి నా భార్యను క్షమాపణ అడిగాను. ఆమె సిగ్గుపడి, “ఊరుకోండి, అందరూ ఉన్నారు” అంది. మగవాళ్లు తలలు వంచుకున్నారు. ఒక తమ్ముడు మాత్రం, “అయ్యగారూ, నేను ఇక్కడికి వచ్చాక మూడు చొక్కాలు మా ఆవిడ చేతే ఉతికించాను” అన్నాడు. అప్పుడు అందరం నవ్వుకున్నాం.

వచ్చేశాక ఒక తీర్మానం చేసుకున్నాం. నెలలో చివరి ఆదివారం ఆరాధన తర్వాత సంఘభోజనం వంట, వడ్డన, గిన్నెలు తోమడం మగవాళ్లవి. మొదటి నెల అన్నం అడుగంటింది, సాంబారులో ఉప్పు రెండుసార్లు పడింది. ఆడవాళ్లు చాప మీద వరుసగా కూర్చుని వంకలు పెట్టకుండా తిన్నారు. అత్తమ్మ మాత్రం రెండుసార్లు లేవబోయారు. మా పెద్దాయన కూర్చోబెట్టారు.

సహోదరులారా, అందరమూ దీవులకు వెళ్లలేం. వెళ్లగలిగినవారు మాత్రం తప్పక వెళ్లండి. గుంపుగా, అప్పు చేయకుండా, ముందు నుంచి దాచుకుని వెళ్లండి. ఆటుపోట్ల వేళలు అడిగి తెలుసుకోండి, పిల్లలను లెక్కపెట్టుకోండి, మీకు వడ్డించేవారు తిన్నారో లేదో అడగండి. వెళ్లలేనివారికి కూడా విశ్రాంతి దూరం కాదు. దానికి టిక్కెట్టు అక్కరలేదు. వారంలో ఒక పూట ఇంటి ఇల్లాలిని పని అడగకుండా ఉంటే చాలు.

రాధానగర్‌లో ఆ పొద్దుగుంకు వేళను నేను నా భార్యకు తిరిగి ఇవ్వలేను. ఎన్ని వేలు దాచినా అది రాదు. మీ ఇంట్లో మీకు ఇంకా సమయం ఉంది. తువాలు మీరే తెచ్చుకోండి.

విశ్రాంతినిచ్చు ప్రభువు మీ గృహములలో ప్రతివారికిని తన విశ్రాంతిని దయచేయును గాక. ఆమేన్.

ప్రభువునందు మీ సహోదరుడు,
మీ సంఘ కాపరి