మెరుగు కన్న చరిత్ర మిన్న

హైదరాబాదు పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెస్‌ను సందర్శించినవారిలో, అక్కడి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు ముందు క్షణకాలమైనా నిలువనివారు అరుదు. దాని నిగనిగలకు అబ్బురపడి, ఖరీదు ఎంత ఉండునో ఊహించి ముందుకు సాగిపోవడం పరిపాటి. ఆ కారు ఎవరి చేతుల మీదుగా, ఏ స్థితిలో మన కాలం దాకా వచ్చినదని అడిగేవారు తక్కువ. పాత వాహనానికి విలువ కట్టవలసినది ఆ ప్రశ్నతోనే అని నా అభిప్రాయం.

ఈ కారును 1911లో కోరి చేయించినవారు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. అది చేరకముందే, అదే సంవత్సరం ఆగస్టులో ఆయన కన్నుమూశారు. తండ్రి ముచ్చటపడిన వాహనం తనయుడు మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు దక్కినది. ఆ రోజుల్లో రోల్స్ రాయిస్ సంస్థ ఇంజను, చాసిస్ మాత్రమే తయారుచేసి ఇచ్చేది. పై కట్టడాన్ని కొనుగోలుదారు తన అభిరుచి మేరకు వేరొక సంస్థ చేత చేయించుకొనేవాడు. ఈ కారుకు పై కట్టడం చేసినది లండన్‌లోని బార్కర్ సంస్థ. వెనుక భాగంలో సింహాసనం వలె ఎత్తైన ఆసనం అమర్చడం వల్ల దీనికి ‘థ్రోన్ కార్’ అనే పేరు వచ్చినది. ఆరు సిలిండర్లు, ఏడు లీటర్లకు మించిన ఇంజను ఉండి కూడా, ఇది వైభవోత్సవాలకే పరిమితమై, కొన్ని వందల మైళ్ళకు మించి తిరగలేదని చెబుతారు.

తక్కువ తిరిగిన కారు చెక్కుచెదరక ఉండునని మనం సులభంగా నమ్ముతాము. యంత్రశాస్త్రం అందుకు ఒప్పుకోదు. కదలని కారులో పెట్రోలు జిగురుగా మారి గొట్టాలను మూసివేస్తుంది. సిలిండరులో పిస్టను తుప్పుతో బిగుసుకుపోతుంది. టైర్లు ఒకే వైపు అణగి పగుళ్ళిస్తాయి. లోపలి కర్రకు చెద, పట్టుబట్టకు వెలుతురు శత్రువులవుతాయి. దీనికి భిన్నమైన ఉదాహరణ ఒకటి ఉన్నది. ‘సిల్వర్ ఘోస్ట్’ అనే పేరు మొట్టమొదట పెట్టినది 1907 నాటి ఒకే ఒక కారుకు. 1908లో దానిని కొన్న ఆసామి ఏళ్ళ తరబడి దానిని నడిపించాడు. 1948లో సంస్థ దానిని తిరిగి తీసుకొన్నది. లక్షల మైళ్ళు తిరిగిన ఆ కారు నేటికీ సజీవంగా ఉన్నది. వాడుక వల్ల వచ్చే అరుగుదల కన్న, అలక్ష్యం వల్ల వచ్చే క్షయమే ప్రమాదకరమని దీనివల్ల తెలియడం లేదా?

మన నగరంలో జరిగినదేమిటి? 1948లో సంస్థానం భారత యూనియన్‌లో విలీనమయినది. 1967లో ఉస్మాన్ అలీఖాన్ మరణించారు. 1971లో రాజభరణాలు రద్దయినవి. వారసత్వ వివాదాల నడుమ రాజభవనాలు తాళాలు పడి ఉన్నవి. గ్యారేజీలలోని కార్లు దుమ్ములో నిలిచినవి. తరువాత చౌమహల్లాను పునరుద్ధరించి 2005లో ప్రజలకు తెరిచారు. ఆ కృషికి 2010లో యునెస్కో ఆసియా–పసిఫిక్ పురస్కారం లభించినది. ఇది మనమందరం హర్షించవలసిన విషయం.

అయితే చరిత్ర స్థానంలో కట్టుకథలు కూర్చోవడం మాత్రం ఆగలేదు. అమ్మకందారు చేసిన అవమానానికి కోపగించి, రాజుగారు రోల్స్ రాయిస్ కార్లను చెత్త ఎత్తడానికి వాడించారనే కథ మీరందరూ వినియే ఉంటారు. ఆ కథనే కొందరు నిజాం పేర, కొందరు అల్వార్ మహారాజు పేర, మరికొందరు పాటియాలా పేర చెబుతారు. కథ ఒకటే, నాయకులు మాత్రం మారుతూ ఉంటారు. ఇంతమంది నాయకులున్న కథకు ఆధారం అడగడం విద్యావంతుని ధర్మం. ఆధారాలు లేకపోలేదు. ప్రతి రోల్స్ రాయిస్ చాసిస్‌కు ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను బట్టి తొలి కొనుగోలుదారు ఎవరు, పై కట్టడం ఎవరిది అనే వివరాలు పాత కంపెనీ కార్డులలో దొరుకుతాయి.

పాత కార్ల పరిరక్షణకు 2012లో అంతర్జాతీయంగా ఆమోదం పొందిన ట్యూరిన్ చార్టర్ సారాంశం కూడా ఇదే: అసలు భాగాలను సాధ్యమైనంత వరకు కాపాడవలెను, చేసిన ప్రతి మార్పును వ్రాసి పెట్టవలెను. మన దేశంలో 2021 జూలైలో వచ్చిన నిబంధనలు కూడా, యాభై సంవత్సరాలు దాటి, చాసిస్, కట్టడం, ఇంజనులలో గణనీయమైన మార్పులు లేని వాహనాలనే ‘వింటేజ్’గా గుర్తిస్తున్నవి. కొత్త రంగు పూసి పాత గీతలను చెరిపివేయడం పుస్తకంలోని పుటలు చించి అట్టకు బంగారు పూత పూయడం వంటిది.

రాజుల భోగవస్తువుతో మనకేమి పని అని మీలో కొందరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. ఆ వైభవానికి వెల చెల్లించినది రైతుల శిస్తు. అందువల్లనే దాని లెక్క మనకు తెలియవలెను. అంతేకాదు, కంపెనీ కార్డులో యజమాని పేరుంటుంది. కారును నడిపిన డ్రైవరు పేరు, విరిగిన భాగాన్ని చేతితో మలచి బిగించిన మేస్త్రీ పేరు, ఆసనానికి జరీ కుట్టిన దర్జీ పేరు ఎక్కడా ఉండవు. ఆ పేర్లు ఈ నగరపు గల్లీలలో వృద్ధుల జ్ఞాపకాలలో మాత్రమే మిగిలినవి. వారితో పాటు అవీ పోతున్నవి.

కావున కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఒకటే. పాతబస్తీలోని వర్క్‌షాపుల వృద్ధులను కలిసి, వారి మాటలను తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి భద్రపరిచే పనిని చరిత్ర విద్యార్థులకు అప్పగించండి. దానికి కావలసినది ఒక నోటుపుస్తకం, కొన్ని ఆదివారాలు, ఓపిక. విద్యార్థులారా! కారుకు మెరుగు పెట్టడానికి ధనవంతులు దొరుకుతారు. దాని చరిత్రను నిలబెట్టవలసినవారు మీరే.