బీరువాలో బందీ అయిన చదువు

డిగ్రీ పాసైన మన పిల్లగాడు కూలి అడ్డా మీద నిలబడ్డాడు. ఏందిరా ఇది అంటే, "సార్, సర్టిఫికెట్లు కాలేజీలనే ఉన్నయ్. ఫీజు కడితేనే ఇస్తమన్నరు" అన్నాడు.

ఆ ఫీజు కట్టాల్సింది వాడు కాదు, సర్కారు. సర్కారు మెడ పట్టుకోలేని యజమాని మనోడి మెడ పట్టుకున్నాడు. 2025లో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు ఫీజు బకాయిల కోసం బంద్ చేశాయి. యజమానికి బంద్ చేసే బలముంది. కూలోళ్ల బిడ్డకు ఏముంది? ఆనాడు ఏకలవ్యుడి బొటనవేలు అడిగారు. ఈనాడు టెన్త్ మెమో, ఇంటరు మెమో అడుగుతున్నారు. తేడా ఏముంది?

ఈ స్కాలర్‌షిప్పు ఎవడి దయాదాక్షిణ్యం కాదు. బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్‌లో సభ్యుడిగా ఉన్నప్పుడు, 1944లో, ఎస్సీ విద్యార్థులకు మొదలైన హక్కు. కాలేజీలు ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలని, దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ కాగితం ఏ కాలేజీ గోడ మీదైనా కనబడిందా?

మన తప్పు కూడా ఒప్పుకుందాం. పట్టా వస్తే నౌకరి అదే వస్తదని మూడేళ్లు కూర్చుంటున్నాం. రిజర్వేషన్ సర్కారు కొలువులకే గాని ప్రైవేటులో లేదు. 1991 తర్వాత ప్రభుత్వ సంస్థలను అమ్ముకుంటూ పోతున్నారు. ఫైనలియర్‌లో మేలుకుంటే తెల్లారిపోయినట్టే.

అందుకే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! కాలేజీలో చేరేనాడు జిరాక్సులే ఇవ్వండి. ఒరిజినల్స్ గుంజుకుంటే రసీదు అడగండి. ఇవ్వనంటే ఒక్కరు పోవద్దు, పదిమంది కలిసి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. యూనివర్సిటీ రిజిస్ట్రారుకు, జిల్లా సాంఘిక సంక్షేమ అధికారికి నకళ్లు పంపి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. మొదటి ఏడాది నుంచే పొద్దుగూకినాక వాడలోని అంబేద్కర్ భవనంలో రెండు గంటలు కూర్చోండి. ఇంగ్లీషులో నాలుగు మాటలు, కంప్యూటరు మీద నాలుగు వేళ్లు, పాత పరీక్ష పేపర్లు. ఇదే సాధన.

ఉద్యోగాలొచ్చి పట్నంలో ఇళ్లు కట్టుకున్న అన్నలారా! మీరూ నేనూ ఎక్కిన నిచ్చెన వాడలోనే ఉంది. నెలకొక ఆదివారం వచ్చి పట్టుకోండి. అంబేద్కర్ జయంతికి దండ వేసి ఫొటో దిగితే బాకీ తీరదు.

బీరువా తాళం యజమాని జేబులో ఉంది. అది ఒక్కడు అడిగితే బయటికి రాదు. వాడంతా వెళ్లి అడగాలె.